మూలన పడ్డ కుట్టు మిషన్: తొందరపడి విప్పకుండా బాగు చేసుకునే పద్ధతి

2023 జూలై చివర్లో పడ్డ వానలకు హనుమకొండ, వరంగల్‌లో ఎన్ని కాలనీల్లోకి నీళ్ళొచ్చాయో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. నయీంనగర్ దగ్గర ఉండే మా చిన్నమ్మ ఇంట్లో నడుముల్లోతు నీళ్ళు నిలబడ్డాయి. బియ్యం పోయాయి, పరుపులు పోయాయి, ఫ్రిజ్ పోయింది. నల్ల ఉషా కాలు మిషన్ మాత్రం బురద పూసుకుని నిలబడే ఉంది, కానీ పై చక్రం ఇంచు కూడా కదలడం లేదు. ఇల్లు కడుగుతూ చిన్నమ్మ “పాత ఇనుప సామాన్లోడు కిలో లెక్కన అడుగుతున్నడు, ఇచ్చేస్త బిడ్డా” అంటే, వద్దని చెప్పి ఆటోలో వేసుకుని మా ఇంటికి తెచ్చుకున్నాను. నెల పట్టింది. ఇప్పుడు శుభ్రంగా తిరుగుతోంది, కిందటి బతుకమ్మకు మా ఇంటి ఆడవాళ్ళందరి జాకెట్లూ దానిమీదే కుట్టాను.

ఆ నెలలో నేర్చుకున్నదీ, అంతకుముందు అమ్మమ్మ సింగర్ మిషన్‌ను పాడు చేసి నేర్చుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. వరంగల్ చౌరస్తా వైపు మిషన్లు బాగు చేసే ఒక పెద్దాయన ఉన్నాడు, అందరూ చాచా అంటారు. మొదటిసారి విడి భాగాల కోసం వెళ్ళి నా బాధంతా చెప్పుకుంటే ఆయన విని, “ఖరాబ్ కాలే బిడ్డా, బిగుసుకపోయింది అంతే. స్క్రూడ్రైవర్ లోపల పెట్టు, నూనె బయటికి తియ్యి” అన్నాడు. నేను చెప్పబోయేదంతా దాదాపు ఆ మాట చుట్టూనే. పాత మిషన్లలో పదింట తొమ్మిది పాడైనవి కావు. ఎండిపోయిన నూనె, లోపల ఇరుక్కున్న దారం, తప్పుడు సూది, ఈ మూడే వాటి రోగాలు. మనం తొందరపడి విప్పడం వల్ల నాలుగో రోగం పుడుతుంది.

ముందు మీ దగ్గరున్నది ఏ మిషనో చూసుకోండి

మన ఇళ్ళల్లో ఉండే నల్ల మిషన్లు, ఉషా కానివ్వండి, రీటా, మెరిట్ కానివ్వండి, లూధియానా నుంచి వచ్చిన పేరులేని మిషన్లు కానివ్వండి, ఎక్కువ భాగం సింగర్ 15 మోడల్‌ను చూసి చేసినవే. దీనివల్ల మనకు పెద్ద లాభం ఉంది: బాబిన్ (కింది దారం చుట్టుకునే చిన్న రీలు), బాబిన్ కేస్ (దాన్ని పెట్టే డబ్బీ), సూది, ఫుట్ (బట్టను నొక్కి పట్టే భాగం) అన్నీ ఇప్పటికీ ఏ కుట్టు సామాన్ల దుకాణంలోనైనా దొరుకుతాయి. గుర్తుపట్టడం తేలిక. టెన్షన్ (దారం బిగువు) తిప్పే గుండ్రటి మర మిషన్ ఎడమ చివర, ముఖం మీద ఉంటుంది, బాబిన్ కేస్‌ను ఎడమ వైపు కింద నుంచి, నిలువుగా పెడతారు. అలా కాకుండా బాబిన్‌ను పైనుంచి పడుకోబెట్టేది అయితే సింగర్ 66 లేదా 99 రకం. పై దారాన్ని కింద అందుకునే షటిల్ నావలాగా పొడుగ్గా ఉండి ముందుకూ వెనక్కూ ఊగేది అయితే 27, 28 రకం, చాలా పాతది. వాటి బాబిన్లూ షటిళ్ళూ ఇక్కడ దొరకడం కష్టం, ఉన్నవాటిని పోగొట్టుకోకండి.

సింగర్ అయితే కింది పలక మీద కుడి వైపున నంబరు చెక్కి ఉంటుంది. ఇంగ్లీషు ‘వై’ లేదా ‘ఎఫ్’ అక్షరంతో మొదలైతే అది స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో పుట్టింది. ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది, మిషన్లు మాత్రం మన ఇళ్ళల్లో ఇంకా తిరుగుతున్నాయి. మా అమ్మమ్మది ‘వై’తో మొదలయ్యే నంబరే. యంత్రాలంటే పడని గాంధీ కూడా 1924లో ఎవరో నిలదీస్తే సింగర్ కుట్టు మిషన్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చాడు. మా అమ్మమ్మకు ఆ సంగతి తెలియదు కానీ, ఆమె కూడా దాన్ని ఇంట్లో ఎవరినీ ముట్టనిచ్చేది కాదు.

కావలసిన సామాను

మంచి స్క్రూడ్రైవర్లు మూడు: ఒకటి పెద్దది, ఒకటి మధ్యరకం, ఒకటి బాబిన్ కేస్ స్క్రూకు పట్టే చిన్నది. మొన స్క్రూ గాడిలో నిండుగా కూర్చోవాలి, వదులుగా ఉంటే గాడి అంచులు చెరిగిపోయి ఆ స్క్రూ ఇక జన్మలో రాదు. పాత టూత్ బ్రష్, పెయింట్ వేసే చిన్న బ్రష్, చిమటా, పాత కాటన్ బట్టలు, టార్చి. తెల్లటి కుట్టు మిషన్ నూనె రెండు సీసాలు. కొద్దిగా కిరోసిన్. ఈ రోజుల్లో కిరోసిన్ వెనకటిలా ప్రతి ఇంట్లో ఉండదు, దొరక్కపోతే పర్వాలేదు, మిషన్ నూనెతోనే పని అవుతుంది, కాకపోతే రెండు మూడు రోజులు ఎక్కువ పడుతుంది. కిరోసిన్ లేదు కదా అని పెట్రోల్ మాత్రం వాడకండి, ఇంట్లో అది నిప్పుతో చెలగాటం.

కొబ్బరి నూనె, ఆముదం, వంట నూనె వద్దే వద్దు. పోసిన రోజు మిషన్ వెన్నలా తిరుగుతుంది, కొన్నాళ్ళకు అదే నూనె గాలికి ఎండి బంకలా మారుతుంది, అటు తర్వాత వార్నిష్ పూసినట్టు గట్టిపడుతుంది. చిన్నమ్మ మిషన్ బిగుసుకుపోవడానికి సగం కారణం వరద అయితే మిగతా సగం ఇరవై ఏళ్ళుగా పోసిన కొబ్బరి నూనె. నూనె రంధ్రాల్లో గోధుమ రంగు జిగురు పేరుకుపోయి కనపడింది, సూదితో గీరితే పొరలు పొరలుగా లేచి వచ్చింది.

బురదలో మునిగిన మిషన్ అయితే

మామూలుగా అటక మీద పడున్న మిషన్‌కు నీళ్ళు తగలనివ్వకూడదు. బురద పట్టినదానికి మాత్రం మొదట చెయ్యాల్సింది మంచినీళ్ళతో కడగడమే. వినడానికి వింతగా ఉంటుంది, నాకూ చెయ్యి రాలేదు. కానీ ఒండ్రు మట్టి ఎండితే సిమెంటు అవుతుంది, దానిమీద నూనె పోస్తే ఇసుక కలిసిన నూనె లోపలికి పోయి ఇనుమును అరగదీస్తుంది. అందుకని తలను స్టాండు మీద నుంచి విప్పి (వెనక రెండు కీళ్ళ దగ్గర కింది వైపు స్క్రూలు ఉంటాయి, వదులు చేస్తే తల పైకి లేస్తుంది, పది పన్నెండు కిలోల బరువు, ఇద్దరు పట్టుకోండి) మగ్గుతో నీళ్ళు పోసి బ్రష్‌తో మట్టంతా వదిలించి, వెంటనే పొడి బట్టతో తుడిచి, ఫ్యాన్ కింద రాత్రంతా పెట్టాలి. తెల్లారేసరికి ఎర్రటి తుప్పు లేత పొరలా కనపడుతుంది, కంగారు పడకండి, నూనెతో పోతుంది. చెక్క బల్లను నీడలోనే ఆరబెట్టాలి, ఎండలో పెడితే వంకర పోతుంది. మోటర్ ఉన్న మిషన్ మునిగితే, ఆ మోటర్‌ను విప్పి పక్కన పెట్టండి, పూర్తిగా ఆరి ఎలక్ట్రీషియన్ చూసేదాకా ప్లగ్గు ముట్టుకోవద్దు.

ఇక నూనె పని

మిషన్‌ను వెనక్కి వాల్చి కింద నుంచి చూడండి. పైన కనపడే రంధ్రాలతో పాటు, కింద రెండు ఇనుప వస్తువులు ఒకదాన్నొకటి రుద్దుకునే ప్రతి చోటా నూనె కావాలి. ఎక్కడ వెయ్యాలో తెలియకపోతే ఒక చిట్కా: కదలాల్సినది ఏదైనా, అది కదలని దానితో కలిసే చోటల్లా ఒక చుక్క. ఎడమ వైపు ముఖం మీది పలకను (ఒకటో రెండో స్క్రూలు) తీస్తే సూది కడ్డీ, ఫుట్ కడ్డీ, దారం లాగే లీవర్ కనపడతాయి. అక్కడ ఎక్కువ జిగురు ఉంటుంది.

మొదటి రోజు కిరోసిన్ ఒక్కో చుక్క అన్ని కీళ్ళలోనూ, రంధ్రాల్లోనూ వేసి వదిలెయ్యండి. చక్రాన్ని బలవంతంగా తిప్పకండి. రెండో రోజు మళ్ళీ కిరోసిన్, ఈసారి చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని అటు ఒక నూలుపోగంత, ఇటు ఒక నూలుపోగంత ఊపి చూడండి. చిన్నమ్మ మిషన్ నాలుగో రోజు పొద్దున కొద్దిగా కదిలింది. ఆ కదలిక చేతికి తెలుస్తుంది, బిగుసుకున్న జాడీ మూత విడిపోయే ముందు ఒక చిన్న జారుడు ఉంటుంది కదా, అట్లా. అక్కడి నుంచి రోజూ కొంచెం కొంచెం. కిరోసిన్ జిగురును కరిగిస్తుంది కానీ ఇనుముకు నూనెలా పనిచెయ్యదు, అందుకే మిషన్ తిరగడం మొదలయ్యాక కిరోసిన్ అంతా తుడిచేసి ప్రతి చోటా మిషన్ నూనె వెయ్యాలి. కిరోసిన్ లేనివాళ్ళు హెయిర్ డ్రయ్యర్‌తో ఆ కీళ్ళను వెచ్చబెట్టి మిషన్ నూనె వెయ్యొచ్చు, వేడికి జిగురు మెత్తబడుతుంది. రెండూ కలిపి మాత్రం చెయ్యొద్దు, కిరోసిన్ ఉన్నచోట డ్రయ్యర్ పెట్టకూడదు.

నూనె వేసినా చక్రం ఒకే చోట వచ్చి ఆగిపోతుంటే అది జిగురు కాదు, దారం. బాబిన్ కేస్ తీసి, షటిల్‌ను పట్టుకునే రింగును (కొన్నిటిలో చిన్న గొళ్ళెం, కొన్నిటిలో స్క్రూలు) విప్పి షటిల్‌ను బయటికి తీయండి. తీసే ముందు ఫోన్‌లో ఫోటో తీసుకోండి, ఏది ఎటు తిరిగి ఉందో తర్వాత గుర్తుండదు. షటిల్ తిరిగే దారిలో, దాని వెనక, ఎన్నేళ్ళదో తెలియని దారం ముక్క మెలికపడి ఉంటుంది. నాకు ఆకుపచ్చ పట్టు దారం దొరికింది. చిన్నమ్మకు చూపిస్తే “ఇది మా ఆడబిడ్డ పెండ్లిల కుట్టిన జాకెట్‌ది” అన్నది. ఆ పెళ్ళయి పదిహేడేళ్ళు.

సూది కింది పలక రెండు స్క్రూలు విప్పితే బట్టను ముందుకు జరిపే పళ్ళు కనపడతాయి, వాటి మధ్య బట్ట నూగు అట్టలా గట్టిపడి ఉంటుంది. బట్ట ముందుకు జరగట్లేదని వచ్చే మిషన్లలో చాలావాటికి ఇదే కారణం. చిమటాతో పెకలించి తీసెయ్యండి.

చక్రం తిరిగినా సూది కదలకపోతే

పై చక్రం మధ్యలో ఉండే గుండ్రటి మర బాబిన్ చుట్టుకునేటప్పుడు సూదిని ఆపడానికి. దాన్ని వదులు చేస్తే చక్రం ఒక్కటే తిరగాలి, బిగిస్తే మిషన్ తిరగాలి. పాత మిషన్లలో ఇది కూడా అతుక్కుపోతుంది. ఆ మర మీద ఉండే చిన్న స్క్రూ తీసి, మరను మీ వైపుకి తిప్పి విప్పితే లోపల ఒక వాషర్ ఉంటుంది, బయటి అంచుకి మూడు చెవులు, లోపలి అంచుకి రెండు చెవులు. దాన్ని తీసి, చక్రం లాగేసి, ఇరుసు శుభ్రం చేసి నూనె వేసి మళ్ళీ పెట్టాలి.

ఇక్కడ నేను సగం రోజు ఏడ్చాను. అన్నీ మళ్ళీ బిగించాక చక్రం గిర్రున తిరుగుతోంది, సూది మాత్రం కదలదు. ఇరుసే విరగ్గొట్టాననుకున్నాను. తీరా చూస్తే వాషర్ తప్పుగా పెట్టాను. లోపలి రెండు చెవులు ఇరుసు గాడిలో కూర్చోవాలి, వాటి వంపు మీ వైపుకి ఉండాలి. అలా పెట్టినా మర పూర్తిగా బిగియకపోతే, ఆ చిన్న స్క్రూ కొన బయటి చెవికి తగిలి ఆగిపోతోందన్నమాట. వాషర్‌ను అరచుట్టు తిప్పి పెట్టండి, సరిపోతుంది. చాచాకు చెప్తే నవ్వి, ఆయన దగ్గరికి వచ్చే ‘ఇంజన్ పోయిన’ మిషన్లలో చాలావాటికి ఇదే మందు అన్నాడు.

సూది, దారం, టెన్షన్

కొత్త సూది పెట్టకుండా టెన్షన్ ముట్టుకోకండి. ఇంటి మిషన్‌కు కావలసింది ఒక వైపు చదునుగా ఉండే మొదలు ఉన్న సూది, దుకాణంలో హెచ్‌ఏ సూది అని అడగండి. గుండ్రటి మొదలు ఉండే డీబీ సూది ఫ్యాక్టరీ మిషన్లది, అది మన మిషన్‌లో దూరుతుంది, బిగుస్తుంది, కానీ కుట్టు పడదు. నంబర్ల లెక్క తేలిక: 11 అంటే 75, 14 అంటే 90, 16 అంటే 100. ఆ పెద్ద అంకె సూది లావు, మిల్లీమీటరులో నూరో వంతుల లెక్క, అంటే 90 సూది 0.9 మిల్లీమీటర్లు. పల్చటి పట్టు, షిఫాన్‌కు 11, జాకెట్ బట్టకు, యూనిఫాంలకు 14, జీన్స్‌కు 16 లేదా 18.

సూదికి ఒక వైపు పొడవాటి గాడి, ఇంకో వైపు చదును. సూదికి పైన ఉండే ఆఖరి దారపు కొక్కెం ఏ వైపు ఉంటుందో ఆ వైపుకి గాడి రావాలి, దారం కూడా ఆ వైపు నుంచే ఎక్కించాలి. మా ఉషాలో ఎడమ నుంచి కుడికి. సూదిని పూర్తిగా పైకి తోసి బిగించాలి, రెండు మిల్లీమీటర్లు కిందికి ఉన్నా కుట్లు ఎగిరిపోతాయి.

టెన్షన్ సరిచెయ్యాలంటే పైన ఎర్ర దారం, కింద తెల్ల దారం పెట్టి రెండు పొరల కాటన్ గుడ్డ మీద కుట్టి చూడండి. ముందు కింది సంగతి. బాబిన్ కేస్‌ను దాని దారంతోనే గాలిలో వేలాడదీయండి. ఊరికే వేలాడుతుండాలి, చేత్తో చిన్నగా ఎగరేస్తే కొంచెం జారి మళ్ళీ ఆగాలి. సర్రున కిందికి జారిపోతే దాని మీది చిన్న స్క్రూను పావు చుట్టు బిగించండి, అసలు జారకపోతే పావు చుట్టు వదులు చేయండి. కింద పళ్ళెం పెట్టుకుని చెయ్యండి, ఆ స్క్రూ ఆవగింజంత ఉంటుంది, కింద పడితే ఇల్లంతా ఊడ్చాల్సిందే. స్క్రూ కాకుండా స్ప్రింగే పోయి ఉంటే కొత్త బాబిన్ కేస్ కొనెయ్యడం మేలు, వంద రూపాయల లోపే వస్తుంది.

ఇప్పుడు పైది. కుట్టు పైకి తెల్ల చుక్కలు కనపడితే పై దారం మరీ బిగువు, వదులు చేయండి. గుడ్డ కింద ఎర్ర దారం ఉచ్చులు ఉచ్చులుగా గుత్తులు కడుతుంటే పై దారం వదులు. అందరూ కింద గుత్తులు చూసి బాబిన్‌ను తిడతారు, తప్పు పైనే ఉంటుంది. ఎక్కువ సార్లు దారం టెన్షన్ మర వెనకుండే రెండు బిళ్ళల మధ్యకు పోనేలేదు, లేదా బిళ్ళల మధ్య దారం తునక ఇరుక్కుని అవి దగ్గరికి రావట్లేదు. ఫుట్ ఎత్తి (ఎత్తితేనే బిళ్ళలు విడతాయి) నూనె అంటని గుడ్డ ముక్కను వాటి మధ్య అటూ ఇటూ లాగండి. బిళ్ళలకు మాత్రం నూనె పొయ్యకండి. దారం బిళ్ళల పక్కనుండే సన్నటి తీగ స్ప్రింగ్‌కు కూడా తగులుకుని పైకి వెళ్ళాలి, చాలామంది దాన్ని వదిలేస్తారు.

చక్రం ఎప్పుడూ మీ వైపుకి తిరగాలి. కాలు మిషన్‌లో కొత్తవాళ్ళు ఒక్కసారి వెనక్కి తొక్కితే దారం షటిల్‌లో చుట్టుకుని మొత్తం మొదటికి వస్తుంది.

కుట్లు ఎగిరిపోతుంటే

సూది మార్చినా, దారం మార్చినా కుట్టే పడకపోతే సూది కడ్డీ ఎత్తు తప్పి ఉండొచ్చు. కొత్తవాడలో మా స్నేహితురాలు వరంగల్ దరీ (నేసిన తివాచీ) ముక్కలతో సంచులు కుడదామని ఇంటి మిషన్ మీద నాలుగు మడతలు పెట్టి తొక్కింది. దరీలకు 2018లో జీఐ (ఆ ఊరి సరుకు అన్న) గుర్తింపు వచ్చినప్పటి నుంచి ఆ సంచుల ఆలోచన ఆమెకు ఉంది, పాపం. సూది విరిగింది, విరిగే ముందు పలకకు గుద్దుకుని సూది కడ్డీని పైకి తోసేసింది. అప్పటి నుంచి కుట్టు లేదు. షటిల్ టైమింగ్ పోయిందని ఎవరో చెప్తే కింద ఉన్నవన్నీ విప్పబోయింది. ఈ రకం మిషన్లలో షటిల్ టైమింగ్ దానంతట అది పోవడం అరుదు, కింది వాటి జోలికి పోకండి.

ముఖం పలక తీసి, చక్రాన్ని చేత్తో నెమ్మదిగా మీ వైపుకి తిప్పుతూ చూడండి. సూది అట్టడుగుకి వెళ్ళి, మళ్ళీ పైకి లేవడం మొదలై సుమారు రెండున్నర మిల్లీమీటర్లు లేచేసరికి షటిల్ కొక్కెం మొన సూది దగ్గరికి రావాలి, సూది కన్నుకు ఒకటిన్నర మిల్లీమీటర్ పైన ఉండాలి. చాలా కడ్డీల మీద దీనికోసమే రెండు గీతలు ఉంటాయి: సూది అట్టడుగున ఉన్నప్పుడు పై గీత, కడ్డీ దూరే బుషింగ్ కింది అంచుకు సమానంగా రావాలి. రాకపోతే కడ్డీని పట్టుకునే స్క్రూను వదులు చేసి, కడ్డీని పక్కకు తిరగనివ్వకుండా ఎత్తు ఒక్కటే సరిచేసి బిగించండి. ఆమె మిషన్‌కు నేను జరిపింది రెండు మిల్లీమీటర్లే. దరీ సంచులు మాత్రం ఇప్పుడు మందపాటి బట్టలు కుట్టే పెద్ద మిషన్ ఉన్నచోట కుట్టించుకుంటోంది.

కాలు, బెల్టు

తొక్కుడు పలకను పెద్ద చక్రానికి కలిపే కడ్డీ రెండు చివరలా, పలక రెండు పక్కలా, పెద్ద చక్రం ఇరుసు దగ్గరా నూనె. టకటక శబ్దం వస్తుంటే ఆ కడ్డీ కింది కీలు వదులైంది, దాని నట్టు కొద్దిగా బిగించండి. తోలు బెల్టు వానాకాలం సాగుతుంది. కొత్తది కొనక్కర్లేదు, తీగ కొక్కెం విప్పి పావు అంగుళం కోసి, కొత్త రంధ్రం పెట్టి మళ్ళీ కలపండి. మరీ బిగువుగా పెడితే తొక్కడం బరువవుతుంది.

బంగారు రంగు బొమ్మలు

అమ్మమ్మ సింగర్‌ను నేను పాడు చేసింది ఇక్కడే. కరోనా రోజుల్లో ఇంట్లో శానిటైజర్ సీసాలు నిండుగా ఉండేవి, మిషన్‌ను బాగా మెరిపిద్దామని దాంతో తుడిచాను. గుడ్డకు పసుపు రంగు అంటుతుంటే మురికి పోతోందని సంబరపడ్డాను. ఆరాక చూస్తే బంగారు తీగలన్నీ వెండి రంగులో, కొన్నిచోట్ల అసలు లేకుండా. ఆ పాత మిషన్ల మీద లక్క వార్నిష్ ఉంటుంది, స్పిరిట్ తగలగానే అది కరిగి కింది బంగారు పొరను కూడా తీసుకుపోతుంది. మిషన్ నూనె అద్దిన మెత్తటి గుడ్డ ఒక్కటి చాలు, నెమ్మదిగా తుడవండి. ఉప్పు కాగితం సూది పలక లాంటి వెండి రంగు ఇనుము మీదే, అదీ చాలా సన్నటిది. షటిల్ మొనకు అసలు తగలనివ్వకండి.

మార్పులు: వెనక్కి తీసెయ్యగలిగినవే

పోత ఇనుముకు రంధ్రం పెట్టే మార్పు ఏదీ నేను చెయ్యను. అలా కాకుండా చెయ్యగలిగినవి బోలెడు.

అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఫుట్. ఈ మిషన్ల ఫుట్ కడ్డీ ఎత్తు ఇప్పటి ఇంటి మిషన్లలో ఎక్కువవాటితో సమానం, అందుకని జిప్ ఫుట్, పైపింగ్ కోసం ఒంటి కాలు ఫుట్, అంచు మడిచే ఫుట్ అన్నీ ఒక్క స్క్రూతో పట్టేస్తాయి. జాకెట్ మెడకు పైపింగ్ వేసేవాళ్ళకు ఒంటి కాలు ఫుట్ ఒక్కటి కొంటే మిషన్ కొత్తగా కొన్నంత తేడా తెలుస్తుంది. ఫుట్ కడ్డీ పైన ఉండే మరను కూడా ఎవరూ పట్టించుకోరు: పల్చటి బట్టకు వదులు చేయండి, మందపు బట్టకు బిగించండి. షిఫాన్ ముడతలు పడటం సగం దీంతోనే ఆగిపోతుంది.

దీపం: అయస్కాంతం ఉన్న ఎల్ఈడీ దీపం కొంటే పోత ఇనుము తలకు నేరుగా అతుక్కుంటుంది, సూది దగ్గర వెలుగు పడుతుంది. చెయ్యాల్సిన పని అంతే.

జిగ్‌జాగ్ అటాచ్‌మెంట్లు దొరుకుతాయి. అవి సూదిని కదిలించవు, బట్టనే అటూ ఇటూ లాగుతాయి. ఒకటి వాడి చూశాను, మోత ఎక్కువ, పని తక్కువ. చీర అంచుకు పీకో దుకాణంలోనే చేయించుకోండి. చిరుగులకు రఫ్ఫు, చిన్న పూల కుట్టు కావాలంటే పళ్ళను కిందికి దించే మర మీ మిషన్‌కు ఉందేమో కింద వెతకండి. లేకపోతే పళ్ళను కప్పే పలక దొరుకుతుంది.

ఇక మోటర్. మోకాళ్ళ నొప్పులున్న చిన్నమ్మకు ఇది తప్పలేదు. ఇంటి మిషన్‌కు వంద వాట్ల దగ్గరలో ఉండే చిన్న మోటర్, కాలితో నొక్కే కంట్రోలర్‌తో కలిపి వస్తుంది. మిషన్ స్తంభం వెనక, చక్రానికి దగ్గరలో మర రంధ్రం ఉన్న ఉబ్బెత్తు భాగం ఒకటి ఉంటే మోటర్ అక్కడే బిగుస్తుంది. లేకపోతే చెక్క బల్లకు బిగించే పట్టీ కొనుక్కోండి. తోలు బెల్టు తీసెయ్యాలి. మోటర్ కప్పీ, పై చక్రం గాడి ఒకే గీతలో ఉండాలి, బెల్టును వేలితో నొక్కితే అర అంగుళం లోపలికి పోవాలి. బిగువు ఎక్కువైతే మోటర్ వేడెక్కుతుంది, మూలుగుతుంది. మోటర్‌కు మిషన్ నూనె పొయ్యకండి, లోపల కార్బన్లు పాడవుతాయి.

పాత మోటర్ ఎవరైనా ఊరికే ఇస్తే ముందు వైరును వంచి చూడండి, పైతొడుగు పొడిపొడిగా రాలితే మొత్తం వైరు మార్పించాకే ప్లగ్గు పెట్టండి. తల మొత్తం ఇనుము, కింద ఇనుప స్టాండు, మన చేతులు దానిమీద. దారం ఎక్కించేటప్పుడు, సూది మార్చేటప్పుడు స్విచ్ కట్టెయ్యాలి, పని అవగానే ప్లగ్గు తీసెయ్యాలి, ఎందుకంటే కాలి కంట్రోలర్ నేల మీదే ఉంటుంది, పిల్లలకు అది ఆటవస్తువు. మొదట నాలుగు రోజులు దారం లేకుండా పాత గుడ్డ మీద నడిపి కాలికి అలవాటు చేసుకోండి.

బాబిన్ చుట్టే చిన్న చక్రానికి ఉండే రబ్బరు రింగు ఎండి పగిలి ఉంటుంది, అది కూడా అప్పుడే మార్చేయండి, పది రూపాయల పని.

చిన్నమ్మ ఇంటికి మిషన్ తిరిగి తీసుకెళ్ళినప్పుడు మోటర్ చూసి మురిసిపోయింది కానీ, తోలు బెల్టు ఎక్కడ పెట్టానని అడిగింది. స్టాండు సొరుగులోనే ఉందని చూపించాను. “ఉండనియ్యి బిడ్డా, కరెంటు పోతే తొక్కుకుంట” అన్నది. సొరుగులో దాని పక్కన హెచ్‌ఏ 14 సూదుల ప్యాకెట్, నూనె సీసా పెట్టి వచ్చాను. కొబ్బరి నూనె సీసాను మాత్రం వంటింట్లోకి మార్చాను.